విమానంలోంచి జారవిడిచిన జీపు: కథెంత, నిజమెంత

సరుకు రవాణా విమానం నుంచి జీపునో, ఫిరంగినో, తేలికపాటి ట్యాంకునో పారాచూట్లతో నేలకు దించడం సైన్యాలకు దశాబ్దాలుగా అలవాటైన పని. ఆ పని చుట్టూ అల్లుకున్న కథలు కూడా దాదాపు అంత పాతవే. పారాచూట్ విచ్చుకోకుండానే ఇసుకలో పడ్డ జీపు తాళం తిప్పగానే స్టార్టయిందంటారు. డ్రైవరును స్టీరింగు ముందు కూర్చోబెట్టి బండిని కిందికి వదిలారంటారు. హిమాలయాల మీద ట్యాంకులను జారవిడిచారంటారు. వీటిలో కొన్ని శుద్ధ కల్పనలు, కొన్ని సగం నిజాలు. నమ్మడానికి అన్నిటికంటే కష్టంగా తోచే ఒకటి రెండు మాత్రం అక్షరాలా జరిగినవి.

నిజానిజాలు తేల్చుకోవాలంటే ముందు ఈ పని ఎలా సాగుతుందో తెలియాలి. బండిని ఒక లోహపు వేదిక మీదికి ఎక్కిస్తారు. చక్రాలకూ ఇరుసులకూ కింద తేనెపట్టు గదుల్లా అతికించిన దళసరి అట్టల దొంతరలు పేరుస్తారు. నేలను తాకిన క్షణంలో నలిగిపోయి దెబ్బను తాము తీసుకోవడమే వాటి పని. తర్వాత బండిని పట్టీలతో వేదికకు బిగించి కడతారు. విమానం కొన్ని వందల మీటర్ల ఎత్తులో, గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో వెళుతుండగా వెనక తలుపు తెరుచుకుంటుంది. ముందుగా ఒక చిన్న పారాచూట్ గాలిలోకి విచ్చుకుని, వేదికను బండితో సహా బయటికి లాగుతుంది. ఆ తర్వాతే పెద్ద పారాచూట్లు తెరుచుకుంటాయి. అమెరికా సైన్యం బరువైన సరుకుకు వాడే పెద్ద పారాచూట్ ఒక్కొక్కటి సుమారు 30 మీటర్ల వెడల్పుంటుంది, రెండు టన్నులకు కాస్త పైబడిన బరువును మోస్తుంది. సాధారణంగా బండిని నడిపేవాళ్లు అందులో ఉండరు. విడిగా దూకి, నేల మీద బండిని వెతుక్కుని, కట్లు విప్పి తోలుకుపోతారు.

మన దేశంలో ఈ విద్యకు కేంద్రం ఆగ్రా. పారాట్రూపర్ల శిక్షణ పాఠశాల అక్కడే ఉంది. పారాచూట్లు, వేదికలు రూపొందించే డీఆర్‌డీవో ప్రయోగశాల కూడా అక్కడిదే. ఐఎల్-76 విమానం నుంచి 7 టన్నుల దాకా బరువు దించడానికి ఆ ప్రయోగశాల తయారు చేసిన పీ-7 వ్యవస్థలో ఐదు పెద్ద పారాచూట్లు పనిచేస్తాయి.

ఇక పారాచూట్ లేకుండా పడి, చెక్కుచెదరకుండా లేచి నడిచిన జీపు సంగతి. 300 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన వస్తువు ఎనిమిది సెకన్లలోపే నేలను తాకుతుంది. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే అప్పటి వేగం గంటకు 275 కిలోమీటర్లు. గాలి కొంత తగ్గించినా ఆ దెబ్బకు ఇంజను, ఇరుసు, చట్రం మిగలవు. ఈ కథకు మూలం బహుశా ఇంకో నిజంలో ఉంది. ఈశాన్య సరిహద్దు కొండల్లోని శిబిరాలకు బియ్యం, ఉప్పు వంటివి గోనె సంచి మీద గోనె సంచి వేసి, పారాచూట్ లేకుండానే తక్కువ ఎత్తు నుంచి పడేసేవారు. లోపలి సంచి చిరిగినా బయటి సంచి గింజలను ఆపేది. బియ్యానికి నప్పిన పద్ధతిని నోటిమాట జీపుకూ అంటగట్టి ఉండొచ్చు.

పారాచూట్ విడిపోతే ఏమవుతుందో 2016లో ప్రపంచమంతా చూసింది. ఆ ఏప్రిల్‌లో జర్మనీలోని హోహెన్‌ఫెల్స్ దగ్గర అమెరికా 173వ ఎయిర్‌బోర్న్ బ్రిగేడ్ విన్యాసాల్లో సీ-130 విమానాల నుంచి హమ్వీ వాహనాలను దించారు. వాటిలో మూడు పారాచూట్ల నుంచి ఊడి, రాళ్లలా నేలను గుద్దుకుని తుక్కుతుక్కయ్యాయి. దాన్ని చిత్రీకరించిన వీడియోలో పక్కన ఎవరో పగలబడి నవ్వడం వినిపిస్తుంది. ఎవరో కావాలనే చేశారన్న గుసగుసను మొదట్లో చాలామంది బ్యారక్ కబురని కొట్టిపారేశారు. దర్యాప్తులో పట్టీలు కోసి ఉన్నట్టు తేలింది. 2018లో సైనిక న్యాయస్థానం ఒక సార్జెంటును దోషిగా నిర్ధారించింది. అపనమ్మకం అన్నిసార్లూ తెలివి కాదనడానికి ఈ ఉదంతం మంచి సాక్ష్యం.

ఇలాంటి ప్రమాదాల వెంటే పుట్టే మరో కథ చాలా సైన్యాల్లో వినిపిస్తుంది. ఒక జీపు పడి ధ్వంసమవుతుంది. స్టోర్సు లెక్కల్లో ఏళ్లుగా తేలని దుప్పట్లు, దుర్భిణులు, గుడారాలు, టైపు మిషన్లు అన్నీ ఆ జీపులోనే ఉన్నాయని రాసేస్తారు. చివరికి కూడిక వేస్తే ఆ సామాను బరువు విమానం మోయగలిగినదాన్ని మించిపోతుంది. దేశం, విమానం పేరు, సామాను జాబితా మారుతుంటాయి కానీ ముగింపు మాత్రం మారదు. ముగింపు ఒక్కటే అయి, పేర్లు మాత్రం ఊరూరా మారే కథను చరిత్రగా కాక జానపదంగా చదవాలి.

మనుషులను లోపల కూర్చోబెట్టి బండిని జారవిడిచిన సంగతి మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. సోవియట్ పారాట్రూపర్ల దళాధిపతి వాసిలీ మార్గెలోవ్‌ను ఒక చిక్కు వేధించేది. బండి ఒకచోట, సిబ్బంది ఇంకోచోట దిగితే కలుసుకునేలోపు విలువైన సమయం పోతుంది. 1973 జనవరి 5న తూలా దగ్గర ఏఎన్-12 విమానం నుంచి బీఎండీ-1 కవచ వాహనాన్ని ఇద్దరు లోపల ఉండగానే దించారు. ఆ ఇద్దరిలో ఒకరు దళాధిపతి సొంత కొడుకు అలెగ్జాండర్. దెబ్బ తగలకుండా వ్యోమగాముల కుర్చీల నమూనాలో చేసిన ఆసనాలు అమర్చారు. 1976లో రాకెట్ బ్రేకులతో ఇంకా వేగంగా దిగే పద్ధతినీ ఇలాగే పరీక్షించారు. అప్పుడు కూడా లోపల కూర్చున్నవారిలో అలెగ్జాండర్ ఒకడు. తండ్రి పిస్తోలు దగ్గర పెట్టుకుని, కొడుక్కేమైనా అయితే కాల్చుకుందామని నిరీక్షించాడన్న మాట తర్వాత ప్రచారంలోకి వచ్చింది. దాన్ని కథల ఖాతాలో ఉంచినా, కన్నకొడుకును ఆ బండిలోకి ఎక్కించిన తెగువ మాత్రం రికార్డుల్లో ఉన్నదే.

హిమాలయాల ట్యాంకుల కథ 1962 నాటిది. ఆ అక్టోబరులో చైనా సేనలు లడఖ్‌లో ముందుకొస్తుంటే, మన వైమానిక దళం ఏఎన్-12 విమానాల్లో 20 లాన్సర్స్ రెజిమెంటుకు చెందిన ఏఎంఎక్స్-13 తేలిక ట్యాంకులను చండీగఢ్ నుంచి చుషూల్‌కు చేర్చింది. చుషూల్ సముద్రమట్టానికి 4,300 మీటర్ల పైన ఉంటుంది. అక్కడి పలచని గాలిలో, పక్కా రన్‌వే లేని నేల మీద, కడుపులో ట్యాంకు పెట్టుకుని విమానాలు దిగాయి. ట్యాంకులను గాలిలోంచి జారవిడవలేదు, నేల మీద ఆగిన విమానాల నుంచి దింపారు. నాలుగు నోళ్లలో పడేసరికి ఆ తేడా చెరిగిపోయి, ట్యాంకులు ఆకాశంలోంచి ఊడిపడ్డట్టయింది. అసలు జరిగినది కల్పించినదానికంటే గొప్పదని పైలట్లెవరైనా ఒప్పుకుంటారు.

అదే యుద్ధం పేరుతో వరంగల్ ప్రాంతంలోనూ ఒక కథ నడుస్తోంది. ఖమ్మం రోడ్డు మీద ఉన్న మామునూరు విమానాశ్రయం నిజాం కాలంలో 1930లో వెలిసింది. 1962లో ఢిల్లీ విమానాశ్రయం దాడికి గురైందని, అప్పుడు ప్రభుత్వ విమానాలను తెచ్చి మామునూరులో భద్రపరిచారని ఇప్పటికీ రాస్తుంటారు. కానీ ఆ యుద్ధంలో ఢిల్లీ మీద వైమానిక దాడే జరగలేదు. రెండు దేశాలూ యుద్ధ విమానాలను పోరులోకి దించలేదు, గాలిలో తిరిగినవి ప్రధానంగా రవాణా విమానాలు, హెలికాప్టర్లే. ముందుజాగ్రత్తగా కొన్ని విమానాలను దక్షిణాదికి తరలించి ఉంటే వింతేమీ కాదు. దాడి మాట మాత్రం నిలవదు.

1971 డిసెంబరు 11న బంగ్లాదేశ్‌లోని టాంగైల్ దగ్గర జరిగిన దింపుడు కథలో పెరిగింది సైనికుల సంఖ్య. ఆ సాయంత్రం 2 పారా బెటాలియన్ దళం దిగింది. వాళ్లతో పాటు జీపులు, ఫిరంగులు కూడా పారాచూట్ల మీద దిగాయి. చెల్లాచెదురుగా పడ్డ సామాను పోగుచేయడంలో అక్కడి జనం సాయపడ్డారు. దిగినవాళ్లు 800 లోపే. విదేశీ పత్రికల్లో అది 5,000 అయింది. పాత విన్యాసంలో ఒక పూర్తి బ్రిగేడ్ దిగుతున్న ఫొటో పత్రికలకు చేరడం దీనికి తోడైంది. ఆ అంకె ఢాకాలో ఉన్న పాకిస్తాన్ సేనానుల చెవిన కూడా పడింది. ఐదు రోజులకు వాళ్లు లొంగిపోయారు. లొంగుబాటుకు కారణాలు చాలా ఉన్నాయి గానీ, ఒక తప్పుడు అంకె సైతం యుద్ధంలో బరువు తూగుతుందని టాంగైల్ చూపింది.

ఈ కాలపు కథలకు తూనికరాయి బరువే. టీ-90 ట్యాంకు బరువు 46 టన్నుల దాకా ఉంటుంది. పైన చెప్పిన పెద్ద పారాచూట్లు దానికి ఇరవై అయినా కావాలి. ఆ తరగతి ట్యాంకును ఏ సైన్యమూ యుద్ధంలో జారవిడవలేదు. 1989లో పనామాలో అమెరికా దించిన షెరిడాన్ ట్యాంకులు దాదాపు 15 టన్నుల తేలిక రకం. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత వైమానిక దళం లడఖ్‌కు 68 వేల మందికి పైగా సైనికులను, 90 దాకా ట్యాంకులను, సుమారు 330 బీఎంపీ కవచ వాహనాలను తరలించినట్టు రక్షణ వర్గాలు వెల్లడించాయి. అవన్నీ రన్‌వే మీద ఆగిన విమానాల నుంచి దిగినవే. మన సైన్యం వాడే బీఎంపీ-2లు సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆయుధ కర్మాగారంలో తయారవుతాయి. ఒక్కోటి సుమారు 14 టన్నులు. ఆగ్రా ప్రయోగశాల 16 టన్నుల తరగతికి రూపొందించిన కొత్త వ్యవస్థ లెక్కలోకి ఆ బరువు వస్తుంది. బీఎంపీని జారవిడిచారన్న మాట వినిపిస్తే వివరం అడగాల్సిందే. టీ-90ని జారవిడిచారంటే మాత్రం అడగాల్సిన పనే లేదు.