అంగట్లో ఫోను: కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతి–చెన్నై రహదారిపై ఉన్న పుత్తూరు విరిగిన ఎముకలకు వేసే కట్టుతో పొరుగు రాష్ట్రాల్లోనూ పేరు పొందినప్పటికీ, నగరి దాకా పరచుకున్న మరమగ్గాల వల్ల బట్టల వ్యాపారంలోనూ ఆ ఊరికి చెప్పుకోదగ్గ స్థానం ఉంది. ఇక్కడి అంగళ్లలో చీర బేరమాడేవారూ, నగ తూకం వేయించేవారూ, సరుకుల పొట్లాలు తిప్పి చూసేవారూ ఇప్పుడు ఫోను బయటికి తీయడం మామూలైపోయింది. అది మంచి అలవాటే గాని, ఫోను పరిశీలించేది ఆ వస్తువు పేరిట ఎక్కడో నమోదైన వివరాన్ని మాత్రమేనని, వస్తువును పరిశీలించే శక్తి దానికి లేదని తెలియకపోవడం వల్ల పలు అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: బార్‌కోడ్ 890తో మొదలైతే ఆ సరుకు భారతదేశంలో తయారైనట్లే.

ఏళ్ల తరబడి వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ సందేశాన్ని పంపేవారి దేశభక్తిని శంకించనక్కరలేదు గాని, వారి సమాచారాన్ని శంకించక తప్పదు. బార్‌కోడ్ అంటే నల్లని గీతల రూపంలో ముద్రించిన ఒక సంఖ్య; 13 అంకెల సంఖ్యలో మొదట వచ్చే 890 అన్నది, ఆ సంఖ్యను కేటాయించిన సంస్థ జీఎస్1 ఇండియా అని మాత్రమే తెలుపుతుంది. అక్కడ నమోదైన వ్యాపారి విదేశంలో చేయించిన సరుకుకూ అదే సంఖ్య వేయవచ్చు. మన దేశంలోని కర్మాగారంలో తయారైన విదేశీ కంపెనీ సరుకుపై వేరే సంఖ్య ఉండవచ్చు. గీతల్లో ధర కూడా ఉండదు. బిల్లు వేసే కంప్యూటరు ఆ సంఖ్యను చదివి, అంగడివారు ముందే ఎక్కించిన ధరను చూపుతుంది. సరుకు ఎక్కడిదో తెలియాలంటే పొట్లంపై తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామాను, దిగుమతి సరుకైతే తయారైన దేశం పేరును చదవడమే సరైన మార్గం. అందుకు ఫోను అవసరమే లేదు.

అపోహ: సిల్క్ మార్క్ సరిపోలితే ఆ చీర చేనేతదే.

పుత్తూరు, నగరి ప్రాంతాల్లో ఈ అపోహకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది, ఎందుకంటే ఇక్కడ చేమగ్గానికీ మరమగ్గానికీ మధ్య తేడా బతుకుతెరువుకు సంబంధించిన విషయం. కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004లో మొదలైన సిల్క్ మార్క్, ప్రత్యేక సంఖ్య గల లేబుల్ ద్వారా ఆ బట్ట అసలైన పట్టుతో నేసినదని హామీ ఇస్తుంది. నేసింది చేతితోనా యంత్రంతోనా అన్నది దాని పరిధిలోకి రాదు. మరమగ్గంపై నేసిన అసలు పట్టుచీరకు కూడా ఆ గుర్తు న్యాయంగానే లభిస్తుంది. చేనేతను తెలపడానికి 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. ఇక కెమెరా ముందు చీర పెట్టి పోలిక వెదికే సౌకర్యాలు రంగును, బుటాను, అంచును పోల్చి అలాంటి బొమ్మలను చూపుతాయే తప్ప నూలు స్వభావాన్ని గ్రహించలేవు. పాతకాలపు పరీక్ష నేటికీ చెల్లుతుంది: కొంగు అంచు నుంచి తీసిన ఒక పోగును కాల్చినప్పుడు పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది.

అపోహ: హాల్‌మార్క్ సంఖ్య ఫోనులో సరిపోతే నగ విషయంలో మోసం ఉండదు.

హాల్‌మార్కింగ్ తప్పనిసరైన ప్రాంతాల్లో 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హాల్‌మార్క్ సంఖ్య (హెచ్‌యూఐడీ) లేని బంగారు నగలను అంగళ్లలో అమ్మరాదు. ఆ సంఖ్యను భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో నమోదు చేస్తే నగ ఏ రకానిదో, ఏ స్వచ్ఛత కలదో, ఏ కేంద్రంలో పరీక్షించారో కనిపిస్తుంది. యాప్ గాజు అని చూపుతుండగా చేతిలో గొలుసు ఉంటే ఆ సంఖ్య వేరే నగదని తేలిపోతుంది గనుక ఇది నిజంగా ఉపయోగపడే పరికరమే. అయితే 916 అంటే నూటికి 91.6 పాళ్లు బంగారమని తెలుస్తుందే గాని తరుగు ఎంత వేశారో, మజూరీ న్యాయమైనదో కాదో యాప్ చెప్పదు. బేరమంతా సాగేది అక్కడే. రెండు గ్రాముల లోపు నగలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది కాబట్టి చిన్న ముక్కుపుడకపై సంఖ్య లేకపోయినంత మాత్రాన వ్యాపారిని అనుమానించరాదు.

అపోహ: ఎమ్మార్పీయే అసలు ధర.

అది పన్నులన్నీ కలిపిన గరిష్ఠ చిల్లర ధర. దానికి మించి అడగడం నేరం, తగ్గించి ఇవ్వడం వ్యాపారి ఇష్టం. ఫోనులో కనిపించే తక్కువ ధరకు రవాణా ఖర్చు కలపకుండా, బరువు ఒకటేనా అని చూడకుండా అంగడివాడితో తగవుపడటం న్యాయం కాదు.

ఎమ్మార్పీకి మించి వసూలు చేసినా, నగపై సంఖ్య సరిపోలకపోయినా, పట్టని చెప్పి వేరే బట్ట అంటగట్టినా జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అందుకు బిల్లు అడిగి తీసుకొని భద్రపరచుకోవాలి.