ఆ క్షణంలో తేల్చుకోవడమెలా?

ఆత్మరక్షణలో పట్టు విడిపించుకోవడం, దెబ్బ కొట్టడం చివరి మెట్టు. అంతకు ముందే మనసు రెండు సంగతులు తేల్చాలి: ఇది ప్రమాదమేనా, అయితే ఏం చేయాలి? ముఖ్యంగా ఎదుట ఉన్నది తెలిసినవాడైతే విలువైన క్షణాలన్నీ ఇక్కడే కరిగిపోతాయి. క్లాస్‌మేటో, బంధువో, పక్కింటాయనో అయితే మనసు సర్దిచెప్పుకోవడం మొదలుపెడుతుంది. ‘పొరపాటున చెయ్యి తగిలిందేమో’, ‘అరిస్తే నలుగురూ ఏమనుకుంటారో’, ‘మొహం మీద ఎలా అనేది?’ లైంగిక దాడుల్లో నిందితులు ఎక్కువగా తెలిసినవాళ్లే కాబట్టి ఈ మొహమాటం ఖరీదు చాలా పెద్దది.

దీన్ని సూటిగా పట్టుకున్న పరిశోధన ఒకటుంది. కెనడాలోని విండ్సర్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లీన్ సెన్ బృందం 2015లో ‘న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో దాన్ని ప్రచురించింది. మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది చదువుతున్న 893 మంది విద్యార్థినులను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మూడేసి గంటల తరగతులు నాలుగు. రెండో జట్టుకు ఎప్పట్లా కరపత్రాలు. ఏడాది తిరిగాక చూస్తే, అత్యాచారానికి గురైనవారు శిక్షణ పొందిన జట్టులో 5.2 శాతం, రెండో జట్టులో 9.8 శాతం. అత్యాచార యత్నాల్లో తేడా ఇంకా ఎక్కువ: 3.4, 9.3.

ఆ పన్నెండు గంటల్లో దెబ్బలు, విడిపించుకునే పద్ధతులు నేర్పింది కొద్దిసేపే. మొదటి తరగతి, ప్రమాదం ఎలాంటి పరిస్థితుల్లో పెరుగుతుందో పసిగట్టడం. రెండోది, తెలిసినవాడి వల్ల వచ్చినా ప్రమాదాన్ని ప్రమాదమని వెంటనే ఒప్పుకోవడం, ఎదిరించనివ్వకుండా వెనక్కి లాగే సంకోచాన్ని దాటడం. మూడోది, మాటతో మొదలుపెట్టి ఒంటి బలం దాకా ఎలా ఎదిరించాలో నేర్చుకోవడం. నాలుగోది పైకి ఆత్మరక్షణలా కనిపించదు: సంబంధాల్లో తనకేది ఇష్టమో, ఏది కాదో ఎవరికి వారు తేల్చుకోవడం. హద్దు ముందే గీసుకున్న మనిషికి ప్రమాదం ఎదురైన కంగారులో దాన్ని కొత్తగా ఆలోచించాల్సిన పని ఉండదు. ఈ శిక్షణలో అసలు పట్టు ఇక్కడుంది.

ఎంపికలు పెరిగేకొద్దీ స్పందన ఆలస్యమవుతుందని మనస్తత్వవేత్త విలియం హిక్ 1952లో ప్రయోగాలతో చూపించాడు.

అందుకే ఒక్క పూట శిబిరంలో ఇరవై పట్లు చూపించి పంపేస్తే మిగిలేది ఫొటోలే. రెండు మూడు కదలికలే చాలు, కానీ అవి గుండె దడదడలాడుతున్నప్పుడు రావాలి. మంచి శిక్షణలో అభ్యాసం ఇలా సాగుతుంది. అమ్మాయి కళ్లు మూసుకుని నిలబడుతుంది. ఒళ్లంతా మందపాటి ప్యాడ్లు తొడుక్కున్న శిక్షకుడు భుజం తడతాడు. కళ్లు తెరిచేసరికి అతను దారి అడగొచ్చు, బూతులు తిట్టొచ్చు, జుట్టు పట్టుకోవచ్చు. దేనికి జవాబు చెప్పాలో, దేనికి రెండడుగులు వెనక్కి వేసి అరవాలో, దేనికి పూర్తి బలంతో కొట్టాలో అప్పటికప్పుడు ఆమే తేల్చాలి. కొట్టకూడని చోట ఆగడం కూడా ఇందులో పాఠమే.

ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి ఆడపిల్లలకు సమగ్ర శిక్షా పథకం కింద మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. కరాటే పంచ్‌లతో పాటు ఇలాంటి అభ్యాసానికీ అందులో చోటు దక్కాలి.

అయినా శరీరం ఒక్కోసారి మాట వినదు. స్టాక్‌హోంలో అత్యాచార బాధితుల క్లినిక్‌కు వచ్చిన 298 మందిని ప్రశ్నించిన పరిశోధనలో (2017) 70 శాతం మంది దాడి జరుగుతుండగా కదల్లేక బిగుసుకుపోయామన్నారు. అది భయానికి శరీరం ఇచ్చే స్పందన. సమ్మతి కాదు, చేతకానితనమూ కాదు. శిక్షకులు ఈ మాట మొదటిరోజే చెప్పాలి.

చట్టం ఏమంటోంది?
2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కువి. రక్షణకు అవసరమైనంత బలమే వాడాలి. అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటి సందర్భాల్లో దాడి చేసినవాడి ప్రాణం పోయినా 38వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ముప్పు భయం మొదలైనప్పుడే హక్కూ మొదలవుతుంది. మొదటి దెబ్బ తినేదాకా ఆగాల్సిన పనిలేదు.