సోలార్ పంపు చెప్పే లెక్క మీ ఫోనుకు రావాలి

బాన్సువాడ డివిజన్‌లో సోలార్ పంపులు వాడుతున్న రైతులకు, కొత్తగా పంపు రాబోతున్న పోడు పట్టా రైతులకు

పంపు బిగించిన రోజు మనం సాధారణంగా ఒక్కటే చూస్తాం, పైపులోంచి నీళ్లు దూకాయా లేదా అని. దూకితే ఫొటో దిగుతాం, కాగితం మీద సంతకం పెడతాం, ఇంటికి వస్తాం. ప్యానెళ్ల స్టాండుకు బిగించిన డబ్బా మూత తెరిచి చూసినవాళ్లు తక్కువ. ఆ డబ్బాలోనే చిన్న స్క్రీను ఉంటుంది. మోటరు ఎంతసేపు నడిచింది, ఎంత కరెంటు తీసుకుంది, ఎందుకు ఆగింది అన్నీ దానికి తెలుసు. చాలా పంపుల్లో అదే లెక్క మీ ఫోనుకు కూడా వస్తుంది. రాకపోతే రప్పించుకోవాలి. పంపు పాడైన రోజు మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.

నిజాంసాగర్ కాలువ పారే ఊళ్లలో ఈ మాట అంతగా పట్టకపోవచ్చు. కానీ కాలువ నీళ్లు ఎక్కని గుట్ట అంచు భూములు, తండాల పక్కన పోడు పట్టా భూములు ఉన్నవాళ్లకు బోరే దిక్కు. అలాంటి గిరిజన రైతుల కోసమే రాష్ట్ర ప్రభుత్వం ఇందిర సౌర గిరి జల వికాసం పథకాన్ని 2025 మే 18న నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో మొదలుపెట్టింది. ఐదేళ్లలో 12,600 కోట్ల రూపాయలతో 2.10 లక్షల మంది రైతుల 6 లక్షల ఎకరాలకు సోలార్ పంపుల ద్వారా నీళ్లు ఇవ్వాలన్నది లక్ష్యం. రైతు వాటా ఏమీ లేదు, పూర్తి సబ్సిడీ. రెండున్నర ఎకరాలను ఒక యూనిట్‌గా తీసుకుంటారు. అంతకన్నా తక్కువ భూమి ఉన్నవాళ్లు పక్క పక్క రైతులతో గ్రూపుగా కలిసి ఒకే బోరు వాడుకోవాలి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, కింద దానితో పని ఉంది.

మోటరు మాట స్క్రీను దాకా ఎలా వస్తుంది?

ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటు నేరుగా మోటరుకు పోదు. మధ్యలో కంట్రోలర్ అనే డబ్బా ఉంటుంది. ఎండ ఎంత ఉందో దాన్నిబట్టి మోటరు ఎంత వేగంగా తిరగాలో అదే నిర్ణయిస్తుంది. అందుకోసం అది ప్రతి క్షణం వోల్టు, ఆంపియర్ కొలుస్తూనే ఉండాలి. కాబట్టి మోటరు సంగతి తెలుసుకోవడానికి బోరులోకి వేరే మిషను దింపే పని లేదు. కొలత ఇప్పటికే కంట్రోలర్‌లో ఉంది, దాన్ని బయటికి తేవడమే మిగిలింది.

ట్రాక్టరు ఇంజను వేడెక్కితే డ్రైవరు ముందున్న మీటరులో ముల్లు కదులుతుంది కదా, ఇదీ అలాంటిదే. సముద్రంలో తిరిగే పడవల్లో కూడా ఇప్పుడు వెనక బిగించిన ఔట్‌బోర్డ్ ఇంజను నుంచి ఒక వైరు ముందున్న స్క్రీనుకు వస్తుంది. ఇంజను తిరిగే వేగం, డీజిలో పెట్రోలో ఎంత తాగుతోంది, వేడి ఎంత, అన్నీ అందులో కనబడతాయి. వేర్వేరు కంపెనీల ఇంజన్లు, స్క్రీన్లు ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకోవడానికి అక్కడ ఎన్‌ఎంఈఏ 2000 అనే ఉమ్మడి భాష పెట్టుకున్నారు. మన పంపులకు ఉన్న ఉమ్మడి భాష పేరు మోడ్‌బస్.

కంట్రోలర్ నుంచి ఆర్‌ఎస్ 485 అనే సన్నటి వైరు జత పక్కనున్న రిమోట్ మానిటరింగ్ పరికరానికి వెళ్తుంది. దాన్నే మెకానిక్కులు ఆర్‌ఎంఎస్ అంటారు. కొన్నింటిలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. ఆర్‌ఎంఎస్‌లో ఒక సిమ్, ఒక చిన్న యాంటెన్నా ఉంటాయి. కంట్రోలర్ చెప్పిన లెక్కను అది సెల్ టవరు ద్వారా సర్వరుకు పంపుతుంది, అక్కడి నుంచి మీ ఫోనులోని యాప్‌కు వస్తుంది. కేంద్ర ప్రభుత్వ పీఎం కుసుమ్ పథకం కింద ఇచ్చే పంపులకు ఈ ఆర్‌ఎంఎస్ తప్పనిసరి. మీ పంపు ఏ పథకం కింద వచ్చినా, అప్పగింత కాగితంలో ఈ పరికరం పేరు ఉందో లేదో చూడండి.

"మా తండాలో ఫోనే పలకదు, ఇంక డబ్బా ఏం పలుకుతది సారూ" అని చాలామంది అడుగుతారు. సిగ్నల్ లేనప్పుడు ఆర్‌ఎంఎస్ లెక్కను తనలోనే దాచుకొని, సిగ్నల్ దొరికినప్పుడు పంపుతుంది. కాబట్టి ఫోనులో రెండు రోజులు ఏమీ కనబడకపోతే పంపు పాడైందని కంగారుపడొద్దు. డబ్బా దగ్గరికి వెళ్లి స్క్రీను చూడండి. బ్లూటూత్ ఉన్న పరికరమైతే దాని పక్కన నిలబడి, టవరు లేకపోయినా ఫోనులో లెక్క చూడొచ్చు. స్క్రీను బాగానే ఉండి వారం గడిచినా ఫోనుకు రాకపోతే మూడు కారణాల్లో ఒకటి అయి ఉంటుంది: సిమ్ రీచార్జి అయిపోయింది, యాంటెన్నా ఊడింది, లేదా సన్న వైర్లు వదులయ్యాయి. ఆ జతలో ఒక వైరు ఏ, ఇంకోటి బీ. వాటిని తారుమారు చేసి బిగిస్తే మోటరు మామూలుగానే నడుస్తుంది, లెక్క మాత్రం రాదు. ఎలుకలు కొరికేది కూడా ఎక్కువగా ఈ సన్న వైర్లనే.

ఒక హెచ్చరిక. ఈ వైర్లు మీరు ముట్టుకోవద్దు, మెకానిక్‌ను పిలవండి. స్విచ్ ఆపేశాం కదా అనుకోవద్దు. ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్లు కరెంటు పుట్టిస్తూనే ఉంటాయి. ప్యానెళ్ల నుంచి డబ్బాకు వచ్చే లావు వైర్లలో ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది.

ఫోను నంబరు ఎవరిది?

ఒక తండాలో ఒక అక్క నాకు ఎదురైన సంగతి ఇది. పంపు బిగించి ఏడాది దాటింది. నెల రోజులుగా నీళ్లు తగ్గాయి. కంపెనీకి ఫోను చేస్తే "బోరులో నీళ్లు లేవు, మా తప్పు కాదు" అన్నారట. యాప్‌లో చూద్దాం, నంబరు చెప్పక్కా అని అడిగాను. ఆమె నంబరుకు యాప్ తెరుచుకోలేదు. బిగించిన రోజు కుర్రవాడు పని తొందరగా అయిపోవాలని తన నంబరే వేసుకున్నాడు. ఏడాదిపాటు ఆమె పంపు లెక్కంతా ఎవరి ఫోనుకో పోయింది. నంబరు మార్పించి పాత లెక్క తెరిస్తే, మధ్యాహ్నం పన్నెండింటికి కూడా ప్యానెళ్ల నుంచి సగం కరెంటే వస్తోందని తేలింది. బోరులో నీళ్లు ఉన్నాయి. ఒక వరస ప్యానెళ్ల వైరు కనెక్టరు కాలిపోయింది, అంతే. లెక్క చేతిలో లేకపోతే ఆమె ఇంకో బోరు వేయించడానికి అప్పు చేసేది.

అందుకే అప్పగింత కాగితం మీద సంతకం పెట్టే ముందే మీ సొంత నంబరు ఎక్కించమని అడగండి. మీ ఫోనులో, మీ కళ్ల ముందు యాప్ తెరిచి చూపించమనండి. చిన్న ఫోను వాడేవాళ్లు ఇంట్లో కొడుకుదో కూతురిదో నంబరు ఇవ్వొచ్చు, బయటివాళ్లది వద్దు. పంపు సీరియల్ నంబరు, ఆర్‌ఎంఎస్ నంబరు ఫొటో తీసి పెట్టుకోండి. సిమ్ రీచార్జి ఎవరు కట్టాలి, ఎన్నేళ్లు కట్టాలి అన్నది కూడా అప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి. పీఎం కుసుమ్ పంపులకు సరఫరా చేసిన కంపెనీయే ఐదేళ్ల నిర్వహణ చూడాలి. ఆ ఐదేళ్లలో రిపేరుకు డబ్బులు అడిగితే ఇవ్వకండి, మీ కాగితం చూపించండి.

స్క్రీను మీద అంకెలు

కంపెనీని బట్టి స్క్రీను మారుతుంది, అంకెలు మాత్రం దాదాపు ఇవే ఉంటాయి. వాట్లు అంటే ఆ నిమిషంలో ఎంత శక్తి వస్తోంది అని. హెర్ట్జ్ అంటే మోటరు వేగం. పొద్దున్నే ఎండ పలచగా ఉన్నప్పుడు హెర్ట్జ్ తక్కువగా ఉండి, ఎండ ముదిరే కొద్దీ 50 దాకా పెరుగుతుంది. యూనిట్లు అంటే ఈ రోజు మొత్తం వాడిన కరెంటు. గంటలు అంటే మోటరు తిరిగిన సమయం.

5 హెచ్‌పీ పంపుకు సాధారణంగా 4,800 వాట్ల ప్యానెళ్లు ఇస్తారు. మీ స్క్రీను మీద ఎప్పుడూ 4,800 కనబడదు. ప్యానెల్ వెనక రాసిన వాట్లు అది 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు కొలిచినవి. మన ఎండాకాలంలో ప్యానెల్ అంతకు రెట్టింపు దాటి కాలుతుంది. వేడి పెరిగితే వాట్లు తగ్గుతాయి. పైగా 5 హెచ్‌పీ మోటరు అంటే సుమారు 3,700 వాట్లు, దానికి ఎక్కువ అక్కర లేదు కూడా. కాబట్టి పక్క చేను వాళ్ల అంకెతో పోల్చుకోవద్దు, మీ పంపుతోనే మీరు పోల్చుకోండి. పంపు కొత్తగా ఉన్న మొదటి వారంలో, మబ్బు లేని రోజు మధ్యాహ్నం వాట్లు, ఆంపియర్లు, హెర్ట్జ్, సాయంత్రానికి యూనిట్లు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. తర్వాత ఏ అనుమానం వచ్చినా ఆ పేజీ తిరగేయండి.

వాట్లు తగ్గి, ఎండ మాత్రం బాగుంటే చూపు ప్యానెళ్ల వైపు తిప్పాలి. దుమ్ము, పక్షుల రెట్టలు, కొత్తగా పెరిగిన చెట్టు నీడ. ఒక్క ప్యానెల్ మూల మీద నీడ పడినా ఆ వరస మొత్తం తగ్గిపోతుంది. ప్యానెళ్లను పొద్దున్నే గానీ పొద్దుగూకే వేళ గానీ మెత్తని గుడ్డతో కడగండి. కాలుతున్న అద్దం మీద చల్లటి నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది.

హెర్ట్జ్ బాగుండి ఆంపియర్లు, వాట్లు పడిపోతే అది బోరు సంగతి. మోటరు తిరుగుతోంది, ఎత్తడానికి నీళ్లు లేవు. అప్పుడు కంట్రోలర్ డ్రై రన్ అని చూపించి మోటరును ఆపేస్తుంది, కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇది తప్పు కాదు, కాపుదల. బోరు మోటరుకు చల్లదనం చుట్టూ ఉన్న నీళ్ల నుంచే వస్తుంది. నీళ్లు లేకుండా తిరిగితే కాలిపోతుంది. "మాటిమాటికి ఆగుతోంది, ఆ డ్రై రన్ తీసేయ్" అని మెకానిక్‌ను అడిగే రైతులు ఉన్నారు. తీసేస్తే మోటరు నడుస్తుంది నిజమే, కొన్నాళ్లే నడుస్తుంది. ఆ మార్పు కంట్రోలర్ లెక్కలో కనబడితే వారంటీ మాట కూడా ఇబ్బందుల్లో పడొచ్చు.

కరెంటు మోటర్లకు ఆటో స్టార్టర్లు పెట్టి, ఎప్పుడు నడుస్తుందో చూడని అలవాటు మనకు ఉంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ఊరూరా చెప్పింది గుర్తుంది కదా. సోలార్ పంపును ఆన్‌లో వదిలేసినా అంతే, పొద్దు పొడిచినప్పటి నుంచి గుంకే దాకా తోడుతూనే ఉంటుంది. గుట్ట అంచు బోర్లలో నీళ్లు అంత ఉండవు. తడి చాలగానే ఫోను నుంచి ఆపే వీలు మీ యాప్‌లో ఉందేమో చూడండి.

ఒకే బోరు, ముగ్గురు రైతులు

గ్రూపు బోర్ల దగ్గర ఎక్కువ తగాదా గంటల లెక్క మీదే వస్తుంది. పొద్దున మూడు గంటలు నీకు, మధ్యాహ్నం మూడు గంటలు నాకు, సాయంత్రం మూడు గంటలు వాడికి అని పంచుకుంటారు. పైకి సమానంగానే కనబడుతుంది. కరెంటు మోటరుకైతే అది నిజం, సోలార్ పంపుకు కాదు. పొద్దున ఏడింటికి మోటరు తిరుగుతున్నా హెర్ట్జ్ చాలకపోతే నీళ్లు పైదాకా ఎక్కవు. గంటల మీటరు మాత్రం తిరుగుతుంది. మధ్యాహ్నం గంటలో వచ్చే నీళ్లు పొద్దుటి గంటలో రానే రావు. పొద్దుటి వంతు వచ్చినవాడు రోజూ నష్టపోతాడు. ఆ సంగతి పైకి చెప్పలేక, పక్కవాడు దొంగతనంగా వాడుతున్నాడని అనుమానపడతాడు.

నా సలహా, గంటలు పంచుకోవద్దు, రోజులు పంచుకోండి. ఒక రోజు మొత్తం ఒకరికి. మబ్బు రోజు ఎవరి వంతుకు పడిందో యాప్‌లో యూనిట్లు చూస్తే తెలుస్తుంది. వారం చివర కూర్చొని, యూనిట్లు తక్కువ పడ్డవాళ్లకు ఒక పూట ఎక్కువ ఇవ్వండి. వరుసగా రోజుల తరబడి ఆగలేని కూరగాయల చేను ఉంటే, వంతులు పూట పూటకూ తిప్పుకోండి. ఈ వారం పొద్దుటి వంతు నీది, వచ్చే వారం నాది. గ్రూపులో అందరి ఫోన్లలోనూ యాప్ తెరుచుకునేలా చేయించుకోండి. లెక్క ఒక్కరి జేబులోనే ఉంటే అనుమానం పోదు.

ఫిర్యాదు ఎలా చేయాలి?

ముందు కంపెనీ నంబరుకు ఫోను చేయండి. అది కంట్రోలర్ డబ్బా మీదే అతికించి ఉంటుంది. ఎండకు వెలిసిపోకముందే ఫొటో తీసుకోండి. నోటి మాటతో వదలకండి. తప్పు చూపిస్తున్న స్క్రీను ఫొటో, తేదీ, యాప్‌లో ఆ రోజు లెక్క స్క్రీన్‌షాట్ తీసి పంపండి, ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. స్పందన లేకపోతే అవే ఫొటోలు, ఆ నంబరు పట్టుకొని గిరిజన సంక్షేమ శాఖ కార్యాలయంలో గానీ, సోమవారం ప్రజావాణిలో గానీ దరఖాస్తు ఇవ్వండి. "పంపు పని చేయడం లేదు" అన్న దరఖాస్తుకు, "ఫలానా తేదీ నుంచి మధ్యాహ్నం వాట్లు సగమే వస్తున్నాయి" అన్న దరఖాస్తుకు చాలా తేడా ఉంది. రెండోదానికి అటు నుంచి "చూస్తాంలే" అన్న జవాబు రావడం కష్టం.

సోలార్ పంపు మంజూరు చేయిస్తాం, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని లింకులు పంపే దొంగ వెబ్‌సైట్లు పీఎం కుసుమ్ పేరుతో తిరుగుతున్నాయి. వాటి గురించి కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ కూడా హెచ్చరించింది. మీ పంపు యాప్ అప్‌డేట్ చేయాలి, ఓటీపీ చెప్పండి అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. పంపు లెక్క చూడటానికి బ్యాంకు వివరాలతో పని లేదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.