తిరగని డిస్క్

పదేళ్ళ నాటి డెస్క్‌టాప్ మీద ఫ్లెక్సీలు, పెళ్ళి కార్డులు డిజైన్ చేసేవాళ్ళకు కేబినెట్ ముందు మినుకుమినుకుమనే చిన్న లైటు బాగా తెలుసు. ఫోటోషాప్ మీద డబుల్ క్లిక్ చేయగానే అది ఆగకుండా వెలుగుతుంది. లోపల గరగర చప్పుడు మొదలవుతుంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. "ప్రాసెసర్ పాతదైపోయింది, కొత్త సిస్టమ్ తీసుకోవాల్సిందే" అని అందరూ అనే మాట అప్పుడే వినిపిస్తుంది. ఆ సమయంలో టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ప్రాసెసర్ వాడకం పది శాతం దగ్గర ఉంటుంది, డిస్క్ మాత్రం నూరు శాతం చూపిస్తుంది.

పాలిటెక్నిక్‌లో నా దగ్గర చదువుకుని ఇప్పుడు డీటీపీ సెంటర్ నడుపుకుంటున్న ఒక కుర్రాడి మెషీన్‌కు ఎస్సెస్డీ బిగిస్తున్నాం. అతని దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లవాడు కొత్త డ్రైవ్‌ను చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. "ఇందులో ఏదీ తిరగదు కదా సార్, మరి కరెంటు తీసేశాక ఫైలు ఎక్కడ నిలబడుతుంది?" అని అడిగాడు. ఇన్నేళ్ళ నా పాఠాల్లో ఇంత సూటిగా అడిగినవాళ్ళు తక్కువ. దీనికి జవాబు చెప్పాలంటే ముందు తిరిగే డిస్క్ సంగతి చూడాలి.

హార్డ్ డిస్క్‌ను తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ అనే యంత్రంలో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిపి దాచింది 50 లక్షల అక్షరాలు. అక్కడి నుంచి అరచేతిలో పట్టే పెట్టెలో లక్షల కోట్ల అక్షరాలు దాచే దాకా సాగిన ప్రయాణం ఇంజనీరింగ్‌లో ఒక మహా కావ్యం. అయితే ఒక్కచోట ఆ ప్రయాణం ఆగిపోయింది. పళ్ళెం తిరిగే వేగాన్ని ఇష్టమొచ్చినట్టు పెంచలేం. మన డెస్క్‌టాప్‌లలో ఉండే డిస్క్ నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం దాన్ని చదివే హెడ్ కిందకు రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. అంతకంటే ముందు హెడ్ సరైన ట్రాక్ మీదకు జరగాలి, దానికి మరో 8 లేక 9. మొత్తం కలిపి ఒక్క ముక్క చదవడానికి 12 మిల్లీసెకన్లు దాటుతుంది. డిస్క్ నలుమూలలా చెదిరిన ముక్కలైతే సెకనుకు 80కి మించి చదవలేదు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ఆ 12 మిల్లీసెకన్లలో 3 కోట్ల 60 లక్షల టిక్కులు గడిచిపోతాయి.

డిజైన్ పనికి ఈ ఆలస్యం మరీ గట్టిగా తగులుతుంది. సాఫ్ట్‌వేర్ తెరుచుకునేటప్పుడు అది చదివేది ఒక పెద్ద ఫైలు కాదు. ప్లగిన్లు, బ్రష్‌లు, సెట్టింగులు, ఫాంట్లు ఇలా వేల చిన్న ముక్కలు. తెలుగు డీటీపీ మెషీన్లలో అయితే అను ఫాంట్ల కట్టలు కట్టలే ఉంటాయి. ఇక ఫ్లెక్సీ లెక్క చూద్దాం. పది అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు, అంగుళానికి 100 పిక్సెళ్ళు అనుకుంటే 12,000 × 7,200, అంటే 8 కోట్ల 64 లక్షల పిక్సెళ్ళు. సీఎంవైకేలో ఒక్కోదానికి 4 బైట్ల చొప్పున ఒక్క నిండు లేయరే దాదాపు 346 మెగాబైట్లు. అలాంటివి పది పేరిస్తే దాదాపు 3.5 జీబీ. 4 జీబీ ర్యామ్‌లో విండోస్ కూడా ఉండాలి కదా. పట్టనిదాన్ని ఫోటోషాప్ డిస్క్ మీదే స్క్రాచ్ ఫైలుగా రాసుకుంటుంది. మీరు ఒక్క అన్‌డూ కొడితే మళ్ళీ అక్కడి నుంచే చదువుతుంది. చదవడానికీ రాయడానికీ మధ్య ఆ ఒక్క హెడ్ అటూ ఇటూ పరిగెడుతూ ఉంటుంది. మీరు విన్న గరగర చప్పుడు అదే.

ఇప్పుడు ఆ పిల్లవాడి ప్రశ్నకు వద్దాం. 1967లో బెల్ లాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ షీ అనే ఇద్దరు ఒక వింత ట్రాన్సిస్టర్‌ను ప్రతిపాదించారు. మామూలు ట్రాన్సిస్టర్‌లో గేట్ అనే ఒక పొర ఉంటుంది. దానికి వోల్టేజి ఇస్తే కింది దారిలో కరెంటు పారుతుంది, తీసేస్తే ఆగుతుంది. వీళ్ళు ఆ గేటుకూ దారికీ మధ్య ఇంకో గేటు పెట్టారు. దానికి ఏ తీగా తగలదు, చుట్టూ గాజులాంటి ఆక్సైడ్ పొరే. అది దేనికీ అంటకుండా మధ్యలో తేలుతూ ఉంటుంది కాబట్టి ఫ్లోటింగ్ గేట్ అన్నారు. అందులోకి ఎలక్ట్రాన్లను పంపగలిగితే, బయటికి దారి లేదు కాబట్టి అవి అక్కడే ఉండిపోతాయి, కరెంటు ఉన్నా పోయినా.

మరి దారే లేనప్పుడు లోపలికి ఎలా వెళతాయి? ఆ ఆక్సైడ్ పొర మందం మిల్లీమీటరులో లక్షో వంతు మాత్రమే. పైగేటుకు దాదాపు 20 వోల్టులు ఇస్తే ఇంత పలచని పొర మీద విపరీతమైన విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. అప్పుడు ఎలక్ట్రాన్ తన దగ్గర లేని శక్తితో దాటాల్సిన అడ్డుగోడను దాటకుండానే అవతలి వైపు తేలుతుంది. క్వాంటమ్ టన్నెలింగ్ అంటే ఇదే. డిగ్రీ పుస్తకంలో సమీకరణంగా చదివి మరిచిపోయే ఈ సంగతి, మీరు కంట్రోల్ ఎస్ నొక్కిన ప్రతిసారీ మీ బల్ల మీద జరుగుతుంది. లోపల చేరిన ఎలక్ట్రాన్లు రుణావేశంతో దారిని అణచిపెడతాయి. కాబట్టి ఆ ట్రాన్సిస్టర్ తెరుచుకోవడానికి మునుపటి కంటే ఎక్కువ వోల్టేజి కావాలి. మామూలు వోల్టేజికే తెరుచుకుంటే 1, తెరుచుకోకపోతే 0. చెరపాలంటే వోల్టేజిని తిరగేయాలి, ఎలక్ట్రాన్లు వచ్చిన దారినే వెళ్ళిపోతాయి. ఫైలు నిలబడేది అక్కడ, ఆ ఎలక్ట్రాన్లలో.

1971లో ఇంటెల్ ఇంజనీరు డోవ్ ఫ్రోమన్ ఈ ఫ్లోటింగ్ గేట్‌తో ఈప్రామ్ అనే చిప్ చేశాడు. దాన్ని చెరపడానికి అతినీలలోహిత కాంతి కింద పెట్టాల్సి వచ్చేది. విద్యుత్తుతోనే చెరిపే చిప్‌లు తరువాత వచ్చినా ఒక్కో బిట్‌కు రెండేసి ట్రాన్సిస్టర్లు కావలసి రావడంతో ఖరీదు తగ్గలేదు. తోషిబాలో ఫుజియో మసువోకా ఇక్కడే వేరే దారి పట్టాడు. ఒక్కో బైట్‌ను విడిగా చెరపాలన్న పట్టుదల ఎందుకు, ఒక గంపెడు సెల్స్‌ను, అంటే బిట్లు దాచే గదులను, ఒకేసారి చెరిపేస్తే ఒక్క ట్రాన్సిస్టరే చాలు కదా అన్నది అతని ఆలోచన. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సభలో దాన్ని వివరించాడు. అంతా ఒక్కసారిగా చెరిగిపోవడం చూసి కెమెరా ఫ్లాష్ గుర్తొచ్చి దానికి ఫ్లాష్ అనే పేరు సూచించింది అతని సహోద్యోగి షోజి అరియిజుమి. ఈ కబురు విని ముందుగా కదిలింది ఇంటెల్. 1988కల్లా చిప్‌లు అమ్మకానికి పెట్టింది. అందులో ప్రతి సెల్‌కూ తీగతో సొంత కనెక్షన్ ఉండేది, దాన్ని నార్ అంటారు. ఏ బైట్ కావాలన్నా నేరుగా వెళ్ళి చదవొచ్చు. కానీ ఆ కనెక్షన్లే సిలికాన్ మీద బోలెడు చోటు తినేస్తాయి.

మసువోకా కన్ను మొదటినుంచీ డిస్క్ మీద ఉంది. 1987లో అతను చూపించిన రెండో రూపం, నాండ్, నాకు ఇరవయ్యో శతాబ్దపు అత్యంత అందమైన ఉపాయాల్లో ఒకటి. సెల్స్‌ను ఒకదాని తోకకు ఇంకోటి తగిలించి వరుసగా కట్టాడు. వరుస మొత్తానికి చివర్లలో మాత్రమే కనెక్షన్లు. చోటు అమాంతం ఆదా అయింది. కానీ అందరూ ఒకే తాడు మీద ఉంటే, మధ్యలో ఉన్న ఒక్కదాన్ని చదివేదెలా?

పంట కాలువ మీద వరుసగా తలుపులున్నాయనుకోండి. నాలుగో తలుపు మూసి ఉందో తెరిచి ఉందో తెలియాలి, దగ్గరికి వెళ్ళే వీలు లేదు. మిగతా తలుపులన్నీ పూర్తిగా ఎత్తేసి, కాలువ చివర నిలబడి చూస్తే చాలు. నీళ్ళు వస్తే నాలుగోది తెరిచే ఉంది, రాకపోతే మూసి ఉంది. నాండ్ చేసేది ఇదే. చదవాల్సిన సెల్ తప్ప మిగతా అన్నిటికీ, లోపల ఎలక్ట్రాన్లు ఉన్నా లేకున్నా తెరుచుకోక తప్పనంత వోల్టేజి ఇస్తుంది. చదవాల్సినదానికి మాత్రం 0కీ 1కీ తేడా తేల్చే వోల్టేజి ఇస్తుంది. చివర్లో కరెంటు వచ్చిందా లేదా అన్నదే జవాబు.

దీనికి చెల్లించిన మూల్యం ఉంది. ఇన్ని ట్రాన్సిస్టర్ల గుండా వచ్చే కరెంటు సన్నది, దాన్ని పసిగట్టడానికి పదుల మైక్రోసెకన్లు పడుతుంది. ఒక్క బైట్ కోసం వెళితే నార్ ముందు నాండ్ నిలవదు. కానీ పక్కపక్కనే ఉన్న వేల వరుసలను ఒకేసారి చదవొచ్చు, ఒక పేజీ మొత్తం ఒక్క పట్టులో వస్తుంది. డిస్క్ కూడా ఎప్పుడూ బైట్‌లు ఇవ్వలేదు, సెక్టార్లే ఇచ్చింది. కాబట్టి డిస్క్ స్థానానికి పోటీపడేవాడికి ఈ మూల్యం మూల్యమే కాదు. తనకు అక్కర్లేనిదేదో గుర్తించి దాన్ని వదులుకుని, కావలసినదాన్ని కొనుక్కోవడంలోనే మసువోకా ప్రతిభ అంతా ఉందని నా నమ్మకం.

ఈ రెండు ప్రత్యర్థులూ ఇవాళ మీ పాత కేబినెట్‌లోనే పక్కపక్కన ఉంటాయి. మదర్‌బోర్డు మీద బయోస్ దాచే ఎనిమిది కాళ్ళ చిన్న చిప్ నార్, మీరు కొత్తగా బిగించే ఎస్సెస్డీ నాండ్. సృష్టికర్తకు మాత్రం దక్కాల్సింది దక్కలేదు. మసువోకా 1994లో తోషిబా వదిలి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 2004లో కంపెనీ మీద దావా వేశాడు, 2006లో 8 కోట్ల 70 లక్షల యెన్లకు రాజీ కుదిరింది. ఆ చిప్‌ల వ్యాపారంతో పోలిస్తే అది ఎంత చిన్న మొత్తమో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

తరువాతి కథ వేగంగా నడిచింది. మన కాన్పూర్‌లో పుట్టిన సంజయ్ మెహ్రోత్రా మరో ఇద్దరితో కలిసి 1988లో పెట్టిన సన్‌డిస్క్, 1991లో 20 మెగాబైట్ల ఎస్సెస్డీ అందించింది. కెమెరాలు, ఫోన్లు నాండ్‌ను చౌక చేశాయి. సెల్స్‌ను ఇక చిన్నవి చేయలేక 2013లో శామ్‌సంగ్ వాటిని నిలువుగా 24 అంతస్తులు పేర్చింది, ఇప్పుడవి 200 దాటాయి. ఒక్కో సెల్‌లో ఎలక్ట్రాన్ల మోతాదును 8 స్థాయిలుగా విడదీసి మూడు బిట్లు దాచడం మామూలైపోయింది, అదే టీఎల్‌సీ. 16 స్థాయిలైతే క్యూఎల్‌సీ.

ఇక డబ్బులు చూసుకుని ఖర్చు పెట్టాల్సిన డిజైనర్ సంగతి. ఎస్సెస్డీ డబ్బా మీద సెకనుకు 550 మెగాబైట్లు అని పెద్దక్షరాలతో రాస్తారు. వరుసగా చదివితే హార్డ్ డిస్క్ కూడా 150 దాకా ఇస్తుంది, తేడా నాలుగు రెట్లు కూడా కాదు. మీకు పనికొచ్చే తేడా డబ్బా మీద ఉండదు. చెదిరిన ముక్కను హార్డ్ డిస్క్ 12 మిల్లీసెకన్లకు తెస్తే ఎస్సెస్డీ 0.1 మిల్లీసెకనుకు తెస్తుంది, నూరు రెట్లకు పైనే. అందుకే మన దగ్గర విరివిగా అమ్ముడైన హెచ్61 బోర్డులకు పాత 3 గిగాబిట్ల సాటా పోర్టులే ఉన్నా నిరాశ పడక్కర్లేదు. డబ్బా మీది అంకె సగానికి పడిపోతుంది, ఆ నూరు రెట్లు మాత్రం మిగిలే ఉంటాయి. విండోస్ వేసే ముందు బయోస్‌లో సాటా మోడ్‌ను ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చుకోండి. సికిందరాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కౌంటర్ ముందు నిలబడి ఎన్‌వీఎంఈ డ్రైవ్ చూసి మనసు పారేసుకోవద్దు. ఆ తరం బోర్డులు చాలావరకు దాని నుంచి బూట్ కావు.

ధర మరీ తక్కువగా ఉన్న డ్రైవ్‌తో ఒక చిక్కుంది. నాండ్‌లో రాసినదాని మీదే మళ్ళీ రాయడం కుదరదు. పెద్ద బ్లాకు మొత్తం చెరపాలి. అందుకని లోపలి కంట్రోలర్ ప్రతిసారీ కొత్త చోట రాసి, ఏది ఎక్కడుందో ఒక పట్టిక దిద్దుకుంటూ ఉంటుంది. 1 టీబీకి ఆ పట్టిక దాదాపు 1 జీబీ. దాన్ని పెట్టుకోవడానికి సొంత డీర్యామ్ ఉన్న టీఎల్‌సీ డ్రైవ్ తీసుకుంటే స్క్రాచ్ పని ఎంతసేపు సాగినా తట్టుకుంటుంది. అది లేని క్యూఎల్‌సీ డ్రైవ్‌లు పెద్ద పీఎస్‌డీలు వరుసగా సేవ్ చేసేసరికి హార్డ్ డిస్క్ కంటే కిందికి జారిన సందర్భాలు నేను చూశాను. అరుగుదల గురించి భయం వద్దు. 500 జీబీ టీఎల్‌సీ డ్రైవ్‌కు 300 టెరాబైట్లు రాసే హామీ ఉంటే, రోజుకు 100 జీబీ రాసినా ఎనిమిదేళ్ళు పడుతుంది.

మిగిలిన డబ్బుతో ర్యామ్‌ను 16 జీబీకి పెంచండి, ఒకే సైజు స్టిక్‌లు రెండు వేస్తే రెండు దారుల్లో డేటా నడుస్తుంది. విండోస్ 64 బిట్‌దే ఉండాలి, 32 బిట్ 4 జీబీ దాటి చూడలేదు. గ్రాఫిక్స్ కార్డు ఆలోచన త్రీడీ, వీడియో పని వచ్చినప్పుడు. దానికంటే ముందు ఐపీఎస్ మానిటర్ కొనడం న్యాయం, రంగులు తప్పు చూపించే తెర మీద ఎంత వేగంగా పని చేసినా ప్రింట్ వచ్చాక పోస్టర్ తిరగబడుతుంది.

పాత హార్డ్ డిస్క్‌ను పారేయకండి, అదే కేబినెట్‌లో రెండో డ్రైవ్‌గా ఉంచండి. విండోస్, సాఫ్ట్‌వేర్, ఫాంట్లు, స్క్రాచ్, ఈ వారం పని ఎస్సెస్డీలో ఉండాలి. డెలివరీ ఇచ్చేసిన పనులు హార్డ్ డిస్క్‌లోకి వెళ్ళాలి. ఆక్సైడ్ గోడల మధ్య ఉన్న ఎలక్ట్రాన్లు మెల్లగా కారిపోతూనే ఉంటాయి, వేడి పెరిగితే ఇంకా త్వరగా. బాగా అరిగిన డ్రైవ్‌కు కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ప్రమాణాలు కోరేది ఒక ఏడాది మాత్రమే. మన ఊళ్ళలో మే నెలలో మూసిన షాపు లోపల ఎన్ని డిగ్రీలుంటుందో మీకే తెలుసు. అయిదేళ్ళ కిందటి పెళ్ళి కార్డు ఫైలు కావాలని కస్టమర్ వచ్చినప్పుడు వెతకాల్సింది బీరువాలో పడేసిన ఎస్సెస్డీలో కాదు, ఆ తిరిగే డిస్క్‌లో.