దరియాలతిప్ప దారిలో తాటికల్లు

యానాం దాటి గౌతమి వైపు పోతే దరియాలతిప్ప. తిప్ప అంటే ఇసుకమేట. వేటకెళ్లే పడవలు, ఆరేసిన వలలు, ఉప్పుగాలి. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన మాత్రం పుదుచ్చేరిది. 1954 దాకా ఫ్రెంచివాళ్లది. యానాం అనగానే ఇరుగుపొరుగు జిల్లాలవాళ్లకి బ్రాందీషాపులే గుర్తొస్తాయి. 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టినప్పుడైతే ఎంతోమంది దారి ఇటే. ఆ సీసాలన్నీ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవే. ఈ గోదావరి గట్లు ఇచ్చేది తాటికల్లు. నా దృష్టిలో ఇక్కడ గొప్పగా చెప్పుకోవాల్సిన పానీయం అదే.

గీత పని దగ్గరగా చూడాలి. నడుముకి మోకు చుట్టుకుని, కాళ్లకి బందం తగిలించుకుని కల్లుగీసేవాడు చెట్టెక్కుతాడు. గెల కొసని కత్తితో ఉల్లిపొర మందాన చెక్కుతాడు. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది. కోయకుండా వదిలేస్తే గాయం మానిపోయి చుక్క ఆగిపోతుంది. అందుకే రోజుకి రెండు మూడుసార్లు ఎక్కాలి. గెలకి కట్టిన లొట్టిలో సున్నం పూస్తే నీరా, దాన్ని కాస్తే తాటిబెల్లం. పూయకపోతే రసం దానంతటదే పులుస్తుంది. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, పొద్దుగూకేసరికి పులుపు. మహా అయితే ఐదారు శాతం ఆల్కహాలు.

ఇలా ఒక్కపూటలో మారిపోని పానీయమూ ఉంది. ఇటలీలో వెరోనా పక్కన వల్పోలిచెల్లా కొండల్లో అమరోనే అనే ఎర్ర వైన్ చేస్తారు. కోసిన ద్రాక్షని మూణ్నాలుగు నెలలు నీడన ఆరబెట్టి, బరువులో మూడోవంతు దాకా తగ్గాక పిండుతారు. పులిశాక పదిహేను శాతం దాటడం మామూలే. రెండేళ్లకి తక్కువ కాకుండా నిలవబెట్టి గానీ అమ్మరు. అక్కడి ఇల్లాజీ లోయలో రొమానో దాల్ ఫోర్నో అనే రైతు, క్వింతారెల్లి అనే పెద్దాయన బాట పట్టి, 1983 పంటతో తన తొలి అమరోనే తీశాడు. తర్వాత కొడుకులూ అదే పనిలోకి వచ్చారు. ఇప్పుడు ఆ ఇంటి పేరుకే ధర.

గీత పనీ తండ్రి నుంచి కొడుక్కి వచ్చిందే. ఏ చెట్టు ఎప్పుడు పారుతుందో, ఏ గెలకి ఎంత చెక్కు తీయాలో ఇంట్లో నేర్చుకున్నదే. కానీ అమరోనే ఏళ్ల తరబడి నిలవుంటుంది, సముద్రాలు దాటుతుంది. దానితోపాటే ఆ కుటుంబం పేరూ దాటుతుంది. కల్లు సాయంత్రం దాకా ఆగదు. కాకినాడ చేరేలోపే రుచి మారిపోతుంది. ఇక గీసినవాడి పేరు ఎక్కడికని పోతుంది?

చెట్టు మీంచి పడి నడుం విరిగినవాళ్లని చూశాక కొడుకుని కూడా ఎక్కించమని ఏ తండ్రినీ అడగలేం. ఎక్కేవాడు లేని తాటిచెట్లు ఎండాకాలంలో గెలలు మాత్రం వేస్తూనే ఉంటాయి.