కామెర్లు తగ్గించింది పసరా, రోజులా?

మంత్రాలయం చుట్టుపక్కల ఊళ్లల్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే మొదట వినిపించే మాట "నేల ఉసిరి పసరు తాగించండి" అని. తాగినవాళ్లలో చాలామందికి తగ్గుతుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది. హెపటైటిస్-ఎ వల్ల వచ్చే కామెర్లు ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. మరి క్రెడిట్ ఎవరికివ్వాలి?

ఇది తేల్చడానికి ల్యాబ్‌లో ముందు ఎలుకల్ని గుంపులు చేస్తారు. ఒక గుంపుకి విషం ఇవ్వరు. ఒకదానికి కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే విషం మాత్రమే. ఇంకోదానికి విషంతో పాటు సిలిమారిన్ అనే పేరున్న మందు. మిగతావాటికి విషం, మన మొక్క సారం. తర్వాత రక్తంలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ కొలుస్తారు. ఈ ఎంజైములు ఉండాల్సింది కణాల లోపల. కణం దెబ్బతింటే రక్తంలోకి కారతాయి. లివర్ రాసే ఎర్రర్ లాగ్ అన్నమాట (మా బ్రాంచోళ్లకి ఇలా చెప్తేనే ఎక్కుతుంది).

మన కడప ఎర్రచందనం బెరడుని కూడా ఇలాగే పరీక్షించి, లివర్‌కి దెబ్బ తగ్గిందని 2006లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫార్మకాలజీలో రాశారు.

అయితే ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది. కార్బన్ టెట్రాక్లోరైడ్‌ని అసలు విషంగా మార్చేది లివర్‌లోని ఎంజైమే. ఆ ఎంజైముని ఆపే ఏ సారమైనా "లివర్‌ని కాపాడింది" అనిపించుకుంటుంది. పైగా చాలా ప్రయోగాల్లో సారం ముందు, విషం తర్వాత. మనోళ్లేమో కామెర్లు వచ్చాక తాగుతారు, అదీ ఎక్కువగా వైరస్ వల్ల వచ్చినవాటికి.

మనుషుల మీద కూడా చూశారు. 1988లో లాన్సెట్‌లో వచ్చిన మద్రాసు అధ్యయనంలో, నేల ఉసిరి తీసుకున్న 37 మంది హెపటైటిస్-బి క్యారియర్లలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆ వైరస్‌ని కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా ఆ బృందంలో ఉన్నాడు. ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా? తర్వాత వేరేచోట్ల చేసి చూసినవాళ్లకి ఆ ఫలితం రాలేదు.

తిప్పతీగది ఇంకో కథ. ఎలుకల్లో లివర్‌ని కాపాడుతుందని దానికి పేరు. కరోనా రోజుల్లో అది వాడిన ఆరుగురికి లివర్ దెబ్బతిందని 2021లో ముంబై డాక్టర్లు రిపోర్ట్ చేశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు.

పసరు తాగినా తాగకపోయినా, కళ్లు పచ్చబడితే బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, హెపటైటిస్ టెస్టులు చేయించండి. మనిషి మత్తుగా అయినా, మాట తడబడినా ఇక ఆకుల కోసం వెతకొద్దు, నేరుగా పెద్దాస్పత్రికే.