ముగ్గుకు బడిలో చోటిచ్చిన చిత్రకారుడు

పండుగనాడు మన వాకిట్లో వేసేది ముగ్గు. మన ఇరుగుపొరుగువారిలో తమిళులు దానినే కోలమనీ, కన్నడిగులు, మరాఠీలు రంగోలి అనీ, ఒడియావారు ఝోటి అనీ అంటారు. బెంగాలులో దాని పేరు ఆల్పన. బియ్యపుపిండిని నీళ్లలో కలిపి, అందులో గుడ్డపేలిక ముంచి, వేలికొసతో నేలమీద గీస్తారు. ఇది ఆడవాళ్ల ఇంటిపనేగాని కళ కాదని చాలామంది అనుకొనే రోజుల్లో దీనికి కళాశాలలో చోటిచ్చిన ఆచార్యుడు నందలాల్ బోస్.

ఆయన 1882లో, నేటి బీహారులోని ముంగేరు జిల్లా ఖరగ్‌పూరులో జన్మించాడు. తల్లి బొమ్మలు చేయడంలో నేర్పరి. ఆమెను చూసి పిల్లవాడు మట్టిబొమ్మలు చేసేవాడు, పూజా పందిళ్లను అలంకరించేవాడు. కలకత్తాలో కళాశాల పరీక్షలు తప్పాడు. చివరకు చిత్రకళాశాలలో చేరి అవనీంద్రనాథ టాగూరుకు శిష్యుడయ్యాడు. తరువాత అజంతా గుహలకు వెళ్లి అక్కడి చిత్రాలకు ప్రతులు రాశాడు. గోడను ఎలా అలంకరించాలో ఆయన ఆ గుహలలోనే నేర్చుకొన్నాడని చెప్పవచ్చు.

రవీంద్రనాథ టాగూరు పిలుపుపై శాంతినికేతనం చేరి, కళాభవనంలో అధ్యాపకుడై, దానికి అధిపతి కూడా అయి, 1951 వరకు పనిచేశాడు. ఆల్పనలో ఆరితేరిన సుకుమారీదేవి అక్కడ విద్యార్థులకు ఆ విద్య నేర్పింది. నందలాల్ కుమార్తె గౌరి కూడా తరువాత అక్కడే అలంకరణకళ బోధించింది. విద్యార్థులు తాముండే మట్టి ఇంటి గోడలపై బొమ్మలు మలిచి, తారు పూశారు. అదే నేటికీ ఉన్న 'కాలో బాడి', అంటే నల్ల ఇల్లు. మన కొండపల్లి శేషగిరిరావు కూడా శాంతినికేతనంలో నందలాల్ వద్ద చదువుకొన్నవాడే.

1938లో గుజరాతులోని హరిపురలో కాంగ్రెసు మహాసభ జరిగింది. సభాస్థలిని అలంకరించమని గాంధీజీ నందలాల్‌ను కోరాడు. చిత్రశాలకు వెళ్లేవారే కాదు, దారిన పోయే రైతు కూడా ఆ బొమ్మలను చూడాలి. అందుకని నందలాల్ చేతితో చేసిన కాగితంపై మట్టిరంగులతో డోలు వాయించేవాణ్ణి, కుమ్మరిని, వడ్రంగిని, దూదేకేవాణ్ణి, దంపుళ్ల ఆడవాళ్లను చిత్రించాడు. శిష్యులు వాటికి ప్రతులు తీశారు. అన్నీ కలిపి దాదాపు 400 అయ్యాయి. ఇంత పెద్ద పని చేసిన ఆ చేయి తీరిక దొరికితే పోస్టుకార్డుపై చిన్న బొమ్మ గీసి మిత్రులకు పంపేది.

స్వాతంత్ర్యం వచ్చాక భారత రాజ్యాంగపు చేవ్రాత ప్రతిని అలంకరించే బాధ్యత ఆయనకే అప్పగించారు. అక్షరాలు రాసినవాడు ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా. రాజ్యాంగంలోని 22 భాగాలకు మొదట బొమ్మలు, పుటల చుట్టూ అంచులు నందలాల్, ఆయన శిష్యులు కలిసి దిద్దారు. మొహెంజొదారో ముద్రలోని ఎద్దు ఆ బొమ్మల్లో ఒకటి. ప్రవేశిక పుట అంచును శిష్యుడు బ్యోహార్ రామ్మనోహర్ సిన్హా గీశాడు. గురువు దానిలో మార్పేమీ చేయలేదు. 1966లో కన్నుమూసిన ఆ గురువు పేరు ఆ పుటపై కనిపించదు. కుడివైపు అడుగున, తీగల నడుమ, నాగరి లిపిలో 'రామ్' అని శిష్యుడి పొట్టి సంతకం మాత్రం ఉంది.